పదిహేడు పొరలు

ఏడో గని, బట్టీ గది. పని పుస్తకం. రాస్తున్నది వనమాల.

ఎండ 12వ రోజు

గని బయట ఎండలో పనిచేసే పైపని జట్టుకు కొత్త డబ్బాలు ఇరవై నాలుగూ ఈ ఉదయం, సామాను ఇచ్చే లాంప్ రూంలో అప్పగించాను. పాత డబ్బా ఇటుకంత ఉండేది. ఇది అరచేతిలో పడుతుంది. చలువ చొక్కాలో నీళ్ళు తిరగాలంటే పంపు రేకు కంపించాలి. దానికి తొంభై వోల్టులు కావాలి. నడుముకు కట్టుకునే బ్యాటరీ ఇచ్చేది పన్నెండే. పన్నెండును తొంభై చేసేది డబ్బాలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. దాన్నే నేను చిన్నది చేశాను. పాతదానికి ఇరవై మూడు పొరలు, దీనికి పదిహేడు. చింతగింజ కన్నా కాస్త పెద్దదంతే.

జట్టు సంతోషించింది. ఐదు గంటలు వంగి సోలార్ పలకల మీది దుమ్ము ఊడ్చేవాళ్ళకు నడుము మీద కిలో బరువు తగ్గడం చిన్న సంగతి కాదు.

జట్టు పెద్ద ఓదెలు మాత్రం డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఓదెలు నాకు ఒకప్పటి భర్త. విడిపోయి తొమ్మిదేళ్ళయింది. పని దగ్గర మాటలకు ఇబ్బంది లేదు.

"పైన పెట్టి సూసినవా?" అన్నాడు.

"బల్ల మీద ఆరు గంటలు నడిపిన. ఒక్కటి ఆగలే."

"బల్ల మీద గాదు. పైన."

"కరెంటుకు పైనా కిందా ఉంటదా ఓదెలు?"

అతను సంతకం పెట్టి డబ్బాలు తీసుకుపోయాడు.

ఎండ 16వ రోజు

పొరలు పోసే రోజు. బట్టీ చూసే గట్టయ్య కాక తెల్లవారకముందే వచ్చి ఫెర్రైట్ పొడి నూరి పెట్టాడు. పాత యంత్రాల లోపలి అయస్కాంత దిమ్మలు పగలగొట్టి నూరితే వచ్చే పొడి అది. దానికి నేను చెప్పిన పాళ్ళలో జింకు భస్మం కలిపాడు. తుమ్మబంక నీళ్ళలో కలిపి, అద్దం పలక మీద పోసి, బద్దతో ఒక్క లాగు లాగాడు. మీగడ మందాన పరుచుకుంది. ఆయన చెయ్యి వణకదు. అరవై మూడేళ్ళు.

ఆరిన పొరను నేను ముక్కలు కోసి సూదితో బెజ్జాలు వేశాను. పాత పట్టుచీర గుడ్డను చట్రానికి బిగించి, దాని గుండా వెండి ముద్దను అద్దితే పొర మీద చుట్ట పడుతుంది. ఒక పొర మీద ఒకటిన్నర చుట్టు. బెజ్జంలో నిండిన వెండి కింది చుట్టును పై చుట్టుతో కలుపుతుంది. పదిహేడు పొరలు పేర్చి, వేడి నీళ్ళ ప్రెస్సులో అదిమి, ట్రాన్స్‌ఫార్మర్ గింజలుగా కోసి, బట్టీలో పెడతాం. బంక నెమ్మదిగా కాలిపోవడానికి రెండు రోజులు. తర్వాత ఎనిమిది వందల తొంభై డిగ్రీలు. ఇంకో డెబ్భై దాటితే వెండి కరిగిపోతుంది. బయటికి వచ్చేసరికి గింజ ఆరో వంతు కుంచించుకుపోయి రాయిలా ఉంటుంది. తీగ చుట్టడం లేదు, పూత కాలడం లేదు. మా గనిలో ఎనామిల్ పూత ఉన్న రాగితీగ అయిపోయి పద్నాలుగేళ్ళయింది.

ఇవి విడిగా దాచుకునే గింజలు. పన్నెండు బట్టీలోకి వెళ్ళాయి.

ఎండ 19వ రోజు

ఓదెలు ఆరో నంబరు డబ్బా తెచ్చాడు. రాజేశం వాడేది. పైన పలకల దగ్గర తొమ్మిదిన్నరకు పంపు ఆగిందట. రాజేశం ఊపిరి బిగబట్టుకుని గని మూతి దాకా పరుగెత్తాడట.

బల్ల మీద పెట్టాను. నడిచింది. నాలుగు గంటలు నడిపాను. ఆగలేదు. విప్పి చూశాను. అతుకులు బాగున్నాయి. దుమ్ము కూడా లేదు.

"దోషం కనబడలేదు" అని చీటీ రాసి తిరిగి ఇచ్చాను. ఓదెలు చీటీ చదివి జేబులో పెట్టుకున్నాడు.

ఎండ 23వ రోజు

మరో రెండు. తొమ్మిదో నంబరు, పద్నాలుగో నంబరు. రెండూ పైన ఆగాయి, కింద నడిచాయి.

పద్నాలుగు నర్సవ్వది. డబ్బా తనే పట్టుకుని వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ బుచ్చవ్వ మెస్సులో వంట చేస్తుంది. నర్సవ్వ నా బల్ల పక్కన నిలబడి, డబ్బా నడుస్తుంటే వంగి చెవి పెట్టి విన్నది.

"ఇప్పుడు నడుస్తున్నది గదక్కా! పైన ఆగిందంటే ఎవలూ నమ్మరు."

"ఆగిందని ఎట్ల తెలిసింది?"

"ఈపు మీద నీళ్ళు కదులుతలెవ్వు. ముందు సల్లగనే ఉన్నయ్, ఎనక వేడెక్కినయ్. గుండె దడదడ కొట్టుకున్నది."

"ఎంతసేపు?"

"తెల్వదు. నీడల కూసున్న. మళ్ళ నడిచింది."

దడ ముందు వచ్చిందా, పంపు ముందు ఆగిందా అని అడిగాను. సరిగ్గా చెప్పలేకపోయింది. ఎండాకాలం మొదట్లో పైకి పోయేవాళ్ళకు గాబరా కలగడం మామూలే.

"దోషం లేదు నర్సవ్వా. గాబరా పడకు," అన్నాను.

"సరే అక్కా," అని చొక్కాకు డబ్బా తగిలించుకుని వెళ్ళింది.

తర్వాత గట్టయ్య కాకను బట్టీ వేడి గురించి అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. "నా బట్టీల తప్పుంటే కిందగూడ ఆగాలె గదా," అన్నాడు. ఆయన మాట నిజమే.

ఎండ 27వ రోజు

నర్సవ్వ చనిపోయింది.

తొమ్మిదో వరసలో, పలకల నీడలో దొరికింది. చూసినప్పుడు పది గంటల పదిహేను. చొక్కా ముందువైపు గుండీలన్నీ విప్పి ఉన్నాయి. మోసుకుని దించేసరికి ప్రాణం లేదు. పైన వేడి యాభై ఆరు.

డబ్బా నా బల్ల మీదకు పదకొండున్నరకు వచ్చింది. మీట నొక్కాను. నడిచింది.

మధ్యాహ్నం గని పెద్ద సుగుణక్క మమ్మల్ని కూర్చోబెట్టింది. పైన చొక్కా విప్పకూడదన్నది మొదటి నియమం. చొక్కా విప్పి ఉంది, డబ్బా బాగుంది. ఎవరైనా వేరే మాట చెబుతారేమోనని అందరి మొహాలూ చూసింది. ఓదెలు నన్ను చూశాడు. నేను కాగితం చూశాను.

కాగితంలో ఇలా రాశారు: "గాబరాతో చొక్కా తనే విప్పుకున్నందున ఎండదెబ్బ తగిలి మరణం. పరికరంలో దోషం లేదు." పరికరం గురించిన మాట కింద సంతకం నాది.

సాయంత్రం మెస్సులో బుచ్చవ్వ లేదు. అన్నం వేరేవాళ్ళు వండారు.

ఎండ 28వ రోజు

పద్నాలుగో డబ్బాను తిరిగి జట్టుకు ఇవ్వాలి. రోజూ పొద్దున ఇచ్చే ముందు, నడిచిన నిమిషాలు లెక్కపెట్టే మీటరును సున్నాకు తేవాలి. ప్రతి డబ్బాలోనూ ఉంటుంది, బ్యాటరీ అరుగుదల కోసం పెట్టింది. పంపు ఒకసారి ఆగితే, మళ్ళీ మీట నొక్కేదాకా అది లెక్కపెట్టదు. నిన్న దాన్ని నేను చూడలేదు.

నిన్న బల్ల మీద నేను నడిపింది నలభై నిమిషాలు. అది తీసేస్తే మిగిలింది రెండు వందల యాభై ఆరు.

ఉదయం ఐదూ ఇరవై ఎనిమిదికి లాంప్ రూంలో మీట నొక్కినట్టు రిజిస్టరులో ఉంది. అంటే పంపు తొమ్మిదీ నలభై నాలుగుకు ఆగింది.

లాంప్ రూంకు వెళ్ళి ఓదెలును అడిగాను. "మొన్న తలల లెక్క ఎప్పుడు తీసినవ్?"

"మొన్న గాదు, నిన్న. తొమ్మిదీ యాభైకి."

"నర్సవ్వను చూసినవా?"

"సూసిన. చెయ్యెత్తింది."

"చొక్కా?"

నేనెందుకు అడుగుతున్నానో అప్పటికి అతనికి తెలియదు. "మెడదాక గుండీలు పెట్టే ఉన్నది," అన్నాడు.

పంపు ఆగిన ఆరు నిమిషాలకు కూడా ఆమె చొక్కా విప్పలేదు. ముందు ఆగింది డబ్బా. విప్పడం తర్వాత.

ఈ మాట చెప్పాను. ఓదెలు బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "ఆగినంక నాకెందుకు జెప్పలే? చెయ్యెత్తి మళ్ళ ఊడ్చుకుంట ఉన్నది."

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఐదు రోజుల క్రితం చెబితే నేనేమన్నానో ఈ పుస్తకంలోనే ఉంది.

ఎండ 30వ రోజు

పైకి వెళ్ళాను. పదకొండేళ్ళయింది పైకి వెళ్ళి. బల్లపని వాళ్ళు వెళ్ళనక్కరలేదు.

పద్నాలుగో డబ్బాను నేనే కట్టుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ వీపున వేడి కొలిచే తీగ అతికించి, దాని మీటరును మెడలో వేసుకున్నాను. ఓదెలు పాత ఇటుక డబ్బా కట్టుకుని వెంట వచ్చాడు. గని మూతి దాకా వాలుగా పోయే ఇంక్లైన్ ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

పైన అంతా తెలుపు. పలకలు వరసలు వరసలుగా నది దాకా ఉన్నాయి. నది సన్నగా, మెరుస్తూ ఉంది. దాని ఒడ్డున పంపుహౌసు. చూడటానికి నాకు ఎక్కువ సమయం దొరకలేదు, మీటరు చూడాలి.

ఎనిమిది గంటలకు డెబ్భై ఒకటి. ఎనిమిదిన్నరకు ఎనభై మూడు. తొమ్మిదికి తొంభై రెండు. గాలి వేడికి డబ్బా నల్లరంగు తీసుకున్న ఎండ తోడయింది. దానికి గింజ తన వేడి తను కలుపుకుంది. తొమ్మిదీ ఇరవైకి తొంభై తొమ్మిది. పంపు శబ్దం కాస్త పెరిగింది. బాగా నడుస్తున్నట్టే అనిపించింది. తొమ్మిదీ ముప్పై ఒకటికి నూట నాలుగు. పంపు ఆగింది.

"ఆగింది," అన్నాను.

"పాదాం పా."

"ఉండు. ఇంకో కొలత ఉన్నది."

చొక్కా మూసే ఉంచాను. వీపున నీళ్ళు మొదట చల్లగానే ఉన్నాయి. నర్సవ్వ చెప్పినట్టే వెనక వేడెక్కాయి. ఆరు నిమిషాలకు చొక్కా లోపల నలభై మూడు. గుండె దడ మొదలైంది. చూపు అంచులు నల్లబడ్డాయి. కొలత రాస్తుంటే అక్షరాలు తిన్నగా రావడం లేదు.

"వనమాలా, ఇప్పు," అన్నాడు ఓదెలు. నేను వినిపించుకోలేదట. అతనే గుండీలు విప్పి, నన్ను పలకల నీడకు ఈడ్చి, తన చొక్కాలోని నీళ్ళ సంచి విప్పి నా మెడ మీద పోశాడు. నీడలో, విప్పిన చొక్కాతో, నెమ్మదిగా తేరుకున్నాను. పన్నెండు నిమిషాలకు డబ్బా చల్లబడి మళ్ళీ నడిచింది.

ఆగిన చొక్కా దుప్పటి లాంటిది. విప్పి నీడకు పోవడం ఒక్కటే మార్గం. మేం నేర్పిన నియమం దానికి తిరగబడి ఉంది.

దిగేటప్పుడు ఓదెలు నా జబ్బ పట్టుకుని ఉన్నాడు. వదలమని నేను అనలేదు.

ఎండ 31వ రోజు

ఒక గింజను ఇసుక మూకుడులో పెట్టి బల్ల మీదే వేడి చేశాను. గట్టయ్య కాక పక్కన నిలబడి చూశాడు. తొంభై దాకా, అయస్కాంత గుణం చూపే మీటరు ముల్లు మెల్లగా పైకి పోయింది. నూట మూడు దగ్గర కూలిపోయింది. గింజలో అయస్కాంతం లేదిక. చుట్టల్లో కరెంటు ఒక్కసారి ఎగిసి, బ్యాటరీ కాపలా తీగ దాన్ని ఆపేసింది. చల్లారాక మళ్ళీ అయస్కాంతమైంది.

కారణం జింకు. ఫెర్రైట్‌లో జింకు పెంచితే అయస్కాంత గుణం చాలా పెరుగుతుంది. తక్కువ చుట్లు, తక్కువ పొరలు సరిపోతాయి. అందుకే పదిహేడుకు దిగగలిగాను. కానీ జింకు పెరిగిన కొద్దీ ఆ గుణం తక్కువ వేడికే పోతుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. పాత చార్టులో ఉంది. ఇరవై ఎనిమిది డిగ్రీల బల్ల మీద కూర్చుని, ఆ గీత నాకు వర్తించదనుకున్నాను.

"జింకు పెంచుమన్నది నువ్వే గదా," అన్నాడు కాక. నిందలా అనలేదు, గుర్తు చేసుకుంటున్నట్టు అన్నాడు.

"నేనే కాకా."

"మరి నన్నెందుకు బట్టీ గురించి అడిగినవ్?"

నేను మూకుడు కింది మంట ఆర్పాను.

మధ్యాహ్నం సుగుణక్క దగ్గరికి వెళ్ళి అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. చివరికి అడిగింది, "పాత డబ్బాలు ఎన్ని ఉన్నయ్?"

"నాలుగు. మిగిలినయి విప్పి సామాను వాడుకున్నం."

"కొత్తయి ఎప్పటికి?"

"పదిహేను రోజులు. తప్పు పోకుంటే."

"పదిహేను రోజులు పలకలు ఊడ్వకుంటే ఫ్యాన్లు నడువయ్. కింద పదకొండు వందల మంది." కాగితం మీద చెయ్యి పెట్టింది. "జట్టును పోనియ్యాలె. ఎండ ముదరకముందే దించుదాం. కానీ గా కాగితం ఇప్పుడు మార్చకు. డబ్బాల తప్పున్నదంటే ఒక్కలు పైకి పోరు. అందరం ఉక్కిరిబిక్కిరైతం. కొత్తయి రానియ్యి, అప్పుడు మారుద్దాం."

ఆమె చెప్పింది లెక్క ప్రకారం తప్పు కాదు. పదకొండు వందల మంది గాలి ఆమె చేతిలో ఉంది.

"పోయేటోళ్ళకు తెలిసే పోవాలె సుగుణక్కా. తెల్వకనే నర్సవ్వ పోయింది."

"పోకపోతే?"

"పోకపోతే నేను పోయి ఊడుస్త."

"నువ్వు పైకి పోతే డబ్బాలెవలు జేస్తరు?" అన్నది. కోపంగానే అన్నది. అయితే కాగితం మీద చెయ్యి తీసేసింది.

ఎండ 32వ రోజు

ఉదయం ఐదింటికి లాంప్ రూంలో జట్టు ముందు నిలబడి చదివాను. డబ్బా నూట మూడు డిగ్రీలకు ఆగుతుంది. తప్పు నా పొడిలో ఉంది. ఆగిందని చెప్పిన ముగ్గురూ నిజం చెప్పారు. నర్సవ్వ డబ్బా ఆగాకనే చొక్కా విప్పింది. నా సంతకం ఉన్న నివేదిక తప్పు.

రాజేశం అన్నాడు, "మొన్న మెస్సుల నన్ను పిరికోడన్నరు. నువ్విచ్చిన చీటీ జూసే అన్నరు."

"అవును," అన్నాను.

"అవునంటే ఎట్లక్కా?"

అతను మొహం తిప్పుకున్నాడు.

ఓదెలు లేచాడు. "ఐదున్నర నుంచి ఏడున్నర. రెండే గంటలు. అప్పటికి డబ్బా డెబ్భై దాటది. పంపు ఆగితే చొక్కా ఇప్పుండ్రి, నీడకు పోండ్రి, ఈల ఊదుండ్రి. వద్దనుకున్నోళ్ళు ఆగుండ్రి. ఎవలం ఏమనం."

ఇరవై ముగ్గురిలో నలుగురు ఆగారు. పందొమ్మిది మంది వెళ్ళారు. రాజేశం వెళ్ళాడు.

ఎండ 35వ రోజు

ఐదు గంటల పని రెండు గంటల్లో కాదు. దుమ్ము మూడింట రెండు వంతుల పలకల మీద అలాగే ఉండిపోతోంది. ఫ్యాన్లు సగం వేగానికి దించారు. జనం ఉండే సొరంగాల్లో కింది రెండు గ్యాలరీలు ఖాళీ చేయించి, అందరినీ పై గ్యాలరీలకు తెచ్చారు. బట్టీ గది బయట పడకలే పడకలు. పిల్లలకు తలనొప్పులు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

కొత్త గింజకు జింకు తగ్గించాను. ఇసుక మూకుడులో నూట తొంభై దాకా నిలబడింది. కానీ అయస్కాంత గుణం సగానికి సగం పడిపోయింది. లెక్క వేస్తే ముప్పై ఒక్క పొరలు కావాలి. అంత మందం ప్రెస్సు పట్టదు, బంక లోపలి నుంచి సరిగ్గా కాలదు.

గుణం తగ్గితే ఇంకో చిక్కు. అయస్కాంత ధార మొత్తం దిమ్మ చుట్టూ తిరగాలి. అలా తిరక్కుండా చుట్టుకూ చుట్టుకూ మధ్య సందుల్లో అడ్డదారి పడుతోంది. అలా పోయింది పనికి రాదు. ఆ సందులను అయస్కాంతం కాని పూతతో మూసేస్తే ధార దిమ్మ చుట్టూ తిరగక తప్పదు. అప్పుడు ఇరవై రెండు పొరలతో సరిపెట్టవచ్చు.

గాజుపొడితో పూత కలిపి, వెండి చుట్టల మీద అద్ది, బట్టీలో పెట్టాం.

ఎండ 38వ రోజు

అన్నీ పగిలాయి. నలభై గింజలు. ఫెర్రైట్ కుంచించుకుపోయినంత గాజు కుంచించుకుపోలేదు. పొరలు విస్తర కుట్టు ఊడినట్టు విడిపోయాయి. మూడు రోజులు పోయాయి.

సుగుణక్క వచ్చి చూసింది. కింద ఒక ముసలాయనకు ఊపిరి అందడం లేదని కబురొస్తే వెళ్ళిపోయింది.

గట్టయ్య కాక పగిలిన ముక్కలను ఒక్కొక్కటే వేలితో తడిమి, "వేరే మన్ను. ఒకదానికొకటి అంటుకోదు. దిమ్మ మన్నుతోనే పూత జెయ్యరాదా?" అన్నాడు.

"దిమ్మ మన్ను అయస్కాంతం గదా కాకా. పూత అయస్కాంతం కావద్దు."

అన్నాక తట్టింది. జింకు మరీ ఎక్కువ పోస్తే ఆ గుణం గది వేడికే పోతుంది. దిమ్మ పొడిలో ఉండే నికెల్ అస్సలు లేకుండా, జింకూ రాగీ ఇనుమూ మాత్రం కలిపితే అది ఫెర్రైటే, కానీ ఎప్పుడూ అయస్కాంతం కాదు. కుంచించుకోవడంలో మాత్రం దిమ్మతో సమానం.

"కాకా, జింకు ఎంత మిగిలింది?"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. "మస్తున్నది," అన్నాడు.

ఎండ 42వ రోజు

బట్టీ తెరిచాం. నలభై ఎనిమిదిలో పగిలినవి మూడు. ఒక గింజను అడ్డంగా కోసి అరగదీసి చూశాను. దిమ్మకూ పూతకూ మధ్య గీత కనబడుతోంది, పగులు లేదు. ఇరవై రెండు పొరలు. పాతదాని కన్నా ఒక పొరే తక్కువ. చిన్నదనం కోసం నేను చేసిందంతా కలిపి మిగిలింది ఒక్క పొర.

ఇసుక మూకుడులో నూట ముప్పై డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు నడిచింది. డబ్బా రంగు కూడా తెలుపు చేయించాను.

ఎండ 44వ రోజు

పూర్తి షిఫ్టు పైన ఉన్నాను. ఐదున్నర నుంచి పదిన్నర. ఊడ్చాను కూడా. రాజేశం నా పక్క వరసలో ఉన్నాడు. పదిన్నరకు అత్యధికం ఎనభై తొమ్మిది. ఆగలేదు.

దిగాక రాజేశం నా నడుము నుంచి డబ్బా తనే విప్పుకుని, తన చొక్కాకు తగిలించుకున్నాడు. "ఇది నాకియ్యి," అన్నాడు. అంతే.

ఎండ 47వ రోజు

జట్టంతా కొత్త డబ్బాలతో ఐదు గంటలు పనిచేసింది. ఆగిన నలుగురూ ఈ రోజు వెళ్ళారు. ఫ్యాన్లు పూర్తి వేగం. కింది గ్యాలరీల జనం పడకలు చుట్టుకుని దిగుతున్నారు. ఊపిరి అందని ముసలాయన బతికాడు.

ఎండ 52వ రోజు

మధ్యాహ్నం ముందు బుచ్చవ్వ బట్టీ గదికి వచ్చింది. ఇన్ని రోజులూ మెస్సులో నా కంచంలో అన్నం పెడుతూనే ఉంది, మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నేనే ముందు వెళ్ళవలసింది.

"నా బిడ్డ కాగితం మార్చినవట. సదువు," అన్నది.

చదివాను. నిలబడే వింది.

"ఆగింది నీ డబ్బ."

"నా డబ్బనే బుచ్చవ్వా."

"ఆగినంక ఆరు నిమిషాలు గుండీలు పెట్టుకునే ఉన్నదంటివి. ఎందుకు ఇప్పలే?"

"పైన విప్పొద్దని నేర్పినం. మళ్ళ నడుస్తదని చూసి ఉంటది. అంతకు నాలుగు రోజుల ముందు నా దగ్గరికొచ్చి ఆగుతున్నదని చెప్పింది. దోషం లేదు, గాబరా పడకని పంపిన."

గట్టయ్య కాక పొడి నూరడం ఆపేశాడు.

"ఇప్పినంక ఏం జేసింది?"

"నీడకు పోయి కూసున్నది. ఆగిన చొక్కాల చెయ్యాల్సింది అదే. నాకూ ఆగింది. నన్ను ఓదెలు నీడకు గుంజిండు కాబట్టి దిగొచ్చిన. ఆమె ఒక్కతే ఉన్నది."

"అంటే నా బిడ్డ సరిగ్గనే జేసింది."

"సరిగ్గనే చేసింది."

"గది రాసినవా?"

రాయలేదు. నివేదికలో డబ్బా గురించి ఉంది, వేడి గురించి ఉంది, నా తప్పు గురించి ఉంది. ఆ మాట లేదు.

"రాయి," అన్నది.

ఆమె ముందే రాశాను: "పంపు ఆగాక నర్సవ్వ చేసినది సరైన పని."

బుచ్చవ్వకు చదువు రాదు. ఏ వరస అని అడిగింది. చూపించాను. వరస మొదట్లో వేలు పెట్టి, చివరిదాకా నెమ్మదిగా జరిపింది. చుక్క దగ్గర వేలు ఆగింది.

"ఇంతేనా?" అన్నది.

"ఇంతే."

కాసేపు వేలు అక్కడే ఉంచింది. తర్వాత పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చానని చెప్పి వెళ్ళిపోయింది.